తీసి పక్కన పెట్టుకునే జడలు

సవరం అన్న మాట విని ఎన్నాళ్ళయింది మీరందరూ? మా పెళ్ళిళ్ళ నాటికి దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉండేది. బీరువా అడుగు అరలో, పాత పంచె ముక్కలో చుట్టి పెట్టేవారు. పెళ్ళికో పేరంటానికో వెళ్ళేటప్పుడు బయటికి తీసి, జడలో కలిపి అల్లి, పైన కనకాంబరాలు చుట్టేస్తే సొంత జుట్టెంతో, కలిపినదెంతో ఎవరికీ తెలిసేది కాదు. దువ్వినప్పుడు ఊడిన చిక్కుని పారెయ్యకుండా వేలికి చుట్టి, ఉండ చేసి, గోడ కన్నంలో దోపేవారు. ఆ ఉండలతో సవరం కట్టించుకునేవారు. లేదంటే మనలాంటి పిల్లలు దొంగతనంగా తీసుకెళ్ళి, వీధిలోకొచ్చిన వాడికిచ్చి పీచుమిఠాయి తినేసేవాళ్ళం. నేనైతే తిన్నాను మరి, మీ సంగతి మీరు చెప్పండి.

ఇప్పుడు దాన్ని హెయిర్ ఎక్స్‌టెన్షన్ అంటున్నారు. పేరు మారింది, రేటు మారింది, పని అదే. తిరుమలలో మనం మొక్కుకుని ఇచ్చిన తలనీలాలని దేవస్థానం వాళ్ళు వేలం వేస్తారు కదా, అవి సముద్రాలు దాటి ఎవరెవరి తలల మీదో సవరాలవుతాయి. మన చిక్కు మాత్రం చెత్తబండిలోకి పోతోంది.

ఈ సవరం గొడవ ఇప్పుడెందుకు ఎత్తానంటే, కిందటి వేసవిలో మా ఇంట్లో ఒక వింత సవరం తయారైంది. అది తయారయ్యేలోపు మా అత్తయ్య నాకెప్పుడూ చెప్పని కథ ఒకటి బయటికొచ్చింది.

మా చిన్నది విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. సెలవులకి విజయనగరం వస్తూనే బ్యాగు కింద పెట్టకముందే, "అమ్మా, నేను డ్రెడ్‌లాక్స్ చేయించుకుంటా" అంది. అంటే ఏమిటో నాకు తెలియదు. ఫోనులో చూపించింది. జుట్టంతా పాయలు పాయలుగా ముద్దకట్టి తాళ్ళలా వేలాడుతోంది. వైజాగులో ఒక పార్లర్ వాళ్ళు ఎనిమిది వేలు అడిగారట. "మరి వద్దనుకుంటే ఎలా విప్పుతారే?" అన్నాను. "విప్పడం కష్టం, ఎక్కువగా కత్తిరించెయ్యడమే" అంది తాపీగా. నడుము దాటిన జుట్టు దానిది! ఇరవై ఏళ్ళ నుంచి మందార ఆకూ, మెంతులూ రుబ్బి పెంచిన జుట్టు.

నేను నోరు తెరిచేలోపే మా అత్తయ్య అరుగు మీంచి లేచి వచ్చారు. ఫోనులో బొమ్మ చూశారు. ఆవిడ అరవలేదు, తిట్టలేదు. "ఈ ఇంట్లో గుంటకి జడలు కడితే నాను ఈ ఇంట్లో ఉండను" అని ఒక్క మాట చెప్పి లోపలికెళ్ళి పడుకున్నారు. ఆ రాత్రి అన్నం తినలేదు. డెబ్బై రెండేళ్ళ మనిషి, నా కాపురంలో ఒక్కసారైనా అన్నం మీద అలిగిన మనిషి కాదు.

మావారు "ముసలావిడ చాదస్తం" అని తేల్చేశారు. చిన్నదేమో "నా తల, నా ఇష్టం" అంది. ఇద్దరి మధ్యా నేను. మీకు చెప్పక్కర్లేదు, అత్తగారికీ కూతురికీ మధ్య నిలబడడమంటే రోకలికీ రోలుకీ మధ్య నిలబడడమే.

మన తెలుగులో జడ అన్న మాట సంస్కృతంలో జట నుంచి వచ్చిందే. దువ్వి అల్లుకున్నదీ జడే, దువ్వక ముద్దకట్టినదీ జడే. "జడ వేసుకుంది" అంటే ముచ్చటగా ఉంటుంది. "జడలు కట్టింది" అంటే గుండె జల్లుమంటుంది. మా అత్తయ్యది రెండోది. అది ఎందుకో అప్పటికి నాకు సగమే తెలుసు. ఆవిడ అప్పకి, అంటే పెద్దక్కకి, తలలో జడలు కట్టాయనీ, ఊరంతా అమ్మవారు అనేవారనీ, పెళ్ళి కాలేదనీ, నలభై దాటకుండా పోయిందనీ విన్నాను. అంతకు మించి ఆవిడ చెప్పలేదు, నేను గుచ్చి అడగలేదు.

మూడో రోజు మధ్యేమార్గం చిన్నదే వెతికింది. జుట్టుని ముట్టుకోకుండా, ఊలుతో జడలు చేసి, పైన కట్టుకుని మళ్ళీ తీసేసే పద్ధతి ఉందట. విదేశాల్లో ఆడపిల్లలు ఇంట్లోనే చేసుకుంటారట. "మామ్మా, ఇది సవరం లాంటిదే. పొద్దున్న పెట్టుకుని రాత్రి తీసేస్తాను" అని వాళ్ళ మామ్మ మంచం పక్కన కూర్చుంది. అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత, "మా ఊర్ల భాగోతపోళ్ళు ఉండీవోరు. మొగోడే సత్తెబామ. సవరం పెట్టుకుని, జడ ముందుకేసుకుని తెల్లార్లూ ఆడీవోడు. తెల్లారీసరికి సవరం తీసి మూటగట్టుకుని, లుంగీ కట్టుకుని టీ తాగీవోడు" అన్నారు. ఇంకాసేపు ఆగి, "తీసీడానికి ఉన్నాదంటే తప్పు నేదు" అన్నారు.

అలా తూర్పు భాగవతం మా ఇంట్లో తీర్పు చెప్పింది. అసలు మన సత్యభామకి జడే కదా బలం. కూచిపూడిలో ఆ పాత్ర వేసేవాడు తెర మీంచి జడ బయటికి వేసి సవాలు చేస్తాడు, నాకు మించినవాడుంటే రమ్మని. ఆ సవాలు చేసిన జడ కూడా ఆట అయ్యాక పెట్టెలోకి వెళ్ళేదే.

ఇంక పని. చేసుకోవాలనుకునే వాళ్ళ కోసం వివరంగా రాస్తున్నాను.

ముందు అత్తయ్య గోగునార అన్నారు. గోగు మన రెండు జిల్లాల పంట. ఇప్పుడు బాగా తగ్గిపోయింది కానీ, వాళ్ళ చిన్నప్పుడు పొలం నిండా గోగే. కోసి, కట్టలు కట్టి, చెరువులో రెండు మూడు వారాలు ఊరబెట్టి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నార తీసేవారట. ఆ కంపు ఒంటికి పట్టి పండగ దాకా పోయేది కాదట. ఆ నార జూటు మిల్లులకి వెళ్ళేది. మిగిలిన పీచుతో పిల్లలు జడలు చేసుకుని ఆడుకునేవారు. సరే, పెరట్లో ఉన్న నార తాడు ఒకటి విప్పి ఒక్క జడ చేసి చూశాం. గరుకు, మెడ మీద దురద, పైగా పొట్టు రాలుతుంది. దాన్ని పక్కన పెట్టి గంటస్తంభం దగ్గరికెళ్ళి నల్ల ఊలు రెండు ఉండలు, ముదురు గోధుమరంగు ఒకటి, వెడల్పాటి నల్ల ఎలాస్టిక్ ఒక గజం, అన్నిటికంటే సన్నని క్రోషియా సూది ఒకటి తెచ్చాం. ఉండ యాభై గ్రాములు.

ఒక సంగతి తెలుసుకోండి. మన షాపుల్లో ఊలు అని అమ్మేది ఎక్కువగా గొర్రె ఊలు కాదు, యాక్రిలిక్. అసలు ఊలైతే వేడినీళ్ళలో సబ్బుతో రుద్దితే దానంతటదే ముద్దకడుతుంది. యాక్రిలిక్ ఎంత రుద్దినా కట్టదు. అందుకని దానికి పురి వెయ్యాలి. ఆ పురి దగ్గరే అత్తయ్య మంచం దిగి కింద కూర్చున్నారు.

పీటని తిరగేసి రెండు కోళ్ళకి ఊలు చుట్టి, ముప్పై ఆరు అంగుళాల పోగులు కత్తిరించాం. పన్నెండు పోగులు కలిపి మధ్యకి మడిచి ఎలాస్టిక్ మీద ఉచ్చులా బిగించాలి. అప్పుడు పద్దెనిమిది అంగుళాల రెండు పాయలు వస్తాయి. ఒక్కో పాయని కుడివైపుకి బాగా మెలితిప్పాలి. మెలితిప్పిన రెండు పాయల్నీ ఒకదాని మీద ఒకటి ఎడమవైపుకి చుట్టాలి. ఇదే గుట్టు. తాడు పేనేవాళ్ళు చేసేది ఇదే. రెండు మెలికలూ ఒకదాన్నొకటి విప్పుకోవాలని చూస్తూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఒకే వైపు తిప్పితే వదిలిన మరుక్షణం విడిపోతుంది. అత్తయ్య ఎలాస్టిక్ కొసని కాలి బొటనవేలికి తగిలించి, బిగువుగా పట్టుకుని, అరచేతుల మధ్య పాయని పెట్టి ఒక్క తోపు తోస్తే పురి పడిపోయేది. నేనూ చిన్నదీ చెరో అరగంట కుస్తీ పడితే రెండు జడలు, ఆవిడ ఆ వేళకి ఎనిమిది. పద్దెనిమిది అంగుళాలు పురి పడ్డాక పదిహేనుకి వచ్చాయి.

ఉత్త ఊలు తాడులా కనిపిస్తే బాగోదు, జుట్టులా ఉండాలి. దానికి మా చిక్కు పనికొచ్చింది. అత్తయ్య ఇప్పటికీ చిక్కు దాస్తారు. ఒక ప్లాస్టిక్ కవరు నిండా ఉంది. కుంకుడు రసంలో నానబెట్టి, రెండు సార్లు కడిగి, నీడలో ఆరబెట్టి, వేళ్ళతో విప్పి, ఒక్కో జడ మీద పలచగా చుట్టాం. క్రోషియా సూదిని జడలోకి గుచ్చి, ఆ కొక్కేనికి తగిలిన వెంట్రుకల్ని లోపలికి లాగడం, మళ్ళీ గుచ్చడం, మళ్ళీ లాగడం. ఒక్కో జడకి పావుగంట. చివర ముడివేసి, కొసని మరిగిన నీళ్ళలో కొన్ని క్షణాలు ముంచి తీస్తే యాక్రిలిక్ మెత్తబడి, చల్లారాక పురి అలాగే నిలుస్తుంది. పదహారు జడలతో ఒక వరస, అలాంటివి రెండు. వంటింటి కాటాలో పెడితే మొత్తం నూట డెబ్బై గ్రాములు.

ఈ పని వారం రోజులు పట్టింది, మధ్యాహ్నాలు మాత్రమే. ఆడవాళ్ళు ముగ్గురు కింద కూర్చుని చేతులకి పని చెబితే నోళ్ళు వాటంతటవే తెరుచుకుంటాయి కదా. నాలుగో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆ చీకట్లో, చేతిలో సగం చుట్టిన జడ పట్టుకుని అత్తయ్య చెప్పడం మొదలుపెట్టారు.

1966లోనో 67లోనో. ఆమదాలవలస దగ్గర పల్లె. అప్పకి పద్దెనిమిదేళ్ళు, సంబంధం ఖాయమైంది. టైఫాయిడ్ వచ్చింది. నెలా పదిహేను రోజులు మంచం మీద. తల దువ్వేవాళ్ళు లేరు, నీళ్ళు పోస్తే జ్వరం తిరగబెడుతుందని పొయ్యలేదు. లేచేసరికి వెనకవైపు జుట్టంతా ఒక్క ముద్ద. విప్పడానికి చూశారు, రాలేదు. ఎవరో ముసలామె వచ్చి చూసి, పసుపు రాసి, "అమ్మోరు వచ్చీసింది, కత్తి తగలనీకండి" అంది. అంతే. మంగళవారం మంగళవారం జనం వచ్చేవారు. కొబ్బరికాయలు కొట్టేవారు. పెళ్ళివారు దణ్ణం పెట్టి వెనక్కి వెళ్ళిపోయారు.

"అందరికీ అది అమ్మోరు. నాకు అప్ప" అన్నారు అత్తయ్య. "తల తడిసిందంటే రెండ్రోజులు ఆరీది కాదు. మెడ నొప్పని ఏడిసీది. పక్కకి తిరిగి పడుకోలేదు, ఎల్లకిలా పడుకోలేదు. పేలు. నాను పుల్లతో గోకీదాన్ని. ఒక రేతిరి నా చెవిలో, ఒలే, కత్తిరి తేయే, ఎవరూ చూడకుండా కోసీ, అంది. నాకప్పుడు పదమూడేళ్ళు. భయమేసింది. అమ్మోరు కంటిలో పొడుస్తాదని భయమేసింది. తేలేదు. మళ్ళీ అడగలేదు అప్ప."

నేనేమీ అనలేకపోయాను. చిన్నది వాళ్ళ మామ్మ మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది.

ఆ రాత్రి చిన్నది ఫోనులో వెతికి వెతికి మర్నాడు మామ్మకి చదివి వినిపించింది. ఇది జబ్బు పడ్డవాళ్ళకి, చాలాకాలం తల దువ్వకుండా పడుకున్నవాళ్ళకి వచ్చేదేనట. డాక్టర్లు దీన్ని ప్లైకా పొలోనికా అంటారట, అంటే పోలండు జడ అని. ఒకప్పుడు ఆ దేశంలో చాలామందికి ఉండేదట. అక్కడి పల్లెల్లో కూడా కత్తిరిస్తే కీడు జరుగుతుందని ముట్టుకునేవారు కాదట. 19వ శతాబ్దంలో క్రాకోవ్ నగరంలో యూజెఫ్ డీట్ల్ అనే వైద్యుడు ఆ భయం పోగొట్టడానికి గట్టిగా పనిచేశాడట. మన పక్కనే మహారాష్ట్రలో నరేంద్ర దాభోల్కర్ 1989లో పెట్టిన అంధశ్రద్ధ నిర్మూలన సమితి వాళ్ళు ఇలాంటి ఆడవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, ఇంటిల్లిపాదికీ నచ్చజెప్పి, జటలు తీసేస్తున్నారట. దాభోల్కర్‌ని 2013లో పుణెలో కాల్చి చంపేశారు, ఆయన మొదలుపెట్టిన పని మాత్రం ఆగలేదు.

అత్తయ్య అంతా విన్నారు. "పోలండంటే ఎంత దూరం?" అని అడిగారు. "చాలా దూరం మామ్మా, విమానంలో వెళ్ళాలి" అంది చిన్నది. "అంత దూరంల కూడా ఇలగే భయపడ్డారా" అన్నారు. ఆ మాటలో ఎంత ఊరట ఉందో నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. పదమూడేళ్ళ పిల్ల భయం ఒక్క పల్లెది కాదని ఆవిడకి అప్పుడు తెలిసింది.

జడల్ని భక్తిగా పెంచుకునేవాళ్ళూ ఉన్నారు. మన సాధువులు ఉన్నారు. జమైకాలో 1930లలో మొదలైన రాస్తాఫారి మతం వాళ్ళకి అవి పవిత్రం. బాబ్ మార్లీ పాటలతో లోకమంతా తెలిశాయి. వాళ్ళ ఇష్టంతో వాళ్ళు పెంచుకున్నవి. వాళ్ళని నేనేమీ అనడం లేదు. కానీ అడిగి ఇచ్చినదానికీ, అడగకుండా నెత్తిన పెట్టినదానికీ తేడా ఉంది కదా. మా అప్పమ్మని (ఆవిడ నాకు వరసకి ఏమవుతారో ఇప్పుడు ఆలోచిస్తున్నాను, చూడనైనా చూడలేదు) ఎవరూ ఒక్క మాట అడగలేదు.

జడలు పూర్తయ్యాయి. పెట్టుకునే పద్ధతి కూడా చెప్తాను. జుట్టుని పైకి దువ్వి గట్టి పోనీటెయిల్ కట్టి, ముడి చుట్టి పిన్నులు పెట్టాలి. ఒక ఎలాస్టిక్ వరసని ముడి చుట్టూ కింద నుంచి తిప్పి బిగించాలి, రెండోదాన్ని దాని పైన. ముడి కనిపించకుండా ఒక రుమాలో, పూలదండో చుట్టేస్తే సరి. ఆ రోజు నూనె రాయకూడదు, జారిపోతుంది. తడి తలకి కట్టకూడదు. నుదుటి దగ్గర జుట్టు లాగేసినట్టు బిగించకూడదు, రోజూ అలా లాగితే ముందువైపు పలచబడిపోతుంది. అయిదారు గంటలు చాలు. అన్నిటికంటే ముఖ్యం, యాక్రిలిక్ మంటకి ఇట్టే కరిగి అంటుకుంటుంది. పెట్టుకుని గ్యాసు పొయ్యి దగ్గరికి వెళ్ళకండి, దీపారాధన దగ్గర వంగకండి. ఉతకాలంటే దిండు గలీబులో వేసి మూతి కట్టి, చన్నీళ్ళలో కాస్త షాంపూతో జాడించి, పిండకుండా నీడలో వేలాడదీయండి. తలలో పేలున్న పిల్లలకి ముందు ఆ సంగతి చూడండి, తరవాత జడల సంగతి.

చిన్నది పెట్టుకుంది. బాగుందా అంటే, ఏమో, నాకు దాని రెండు జడలే ఇష్టం. కానీ అద్దం ముందు అది అటూ ఇటూ తల తిప్పుతుంటే ముప్పై రెండు జడలూ భుజాల మీద ఊగుతున్నాయి, దాని మొహం వెలిగిపోతోంది. మావారు పేపరు పక్కన పెట్టి "శివుడికి చెల్లెలొచ్చింది" అన్నారు. బొబ్బిలిలో మా ఆడపడుచు కొడుకు పెళ్ళికి సంగీత్ రోజున పెట్టుకుంది. మర్నాడు ముహూర్తానికి తీసేసి, పొడుగాటి జడ వేసుకుని పూలు పెట్టుకుంది. నిన్న చూసినవాళ్ళంతా వచ్చి జుట్టు లాగి చూశారు.

హాస్టలుకి వెళ్ళే ముందు రోజు సాయంత్రం అత్తయ్య చిన్నదాన్ని పిలిచారు. "ఒకపాలి నాకు పెట్టు" అన్నారు. మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఆవిడ తెల్ల ముడి చుట్టూ ఎలాస్టిక్ కట్టింది చిన్నది. అద్దం తెచ్చి ముందు పెట్టాను. అత్తయ్య చాలాసేపు చూసుకున్నారు. మెడ అటు తిప్పారు, ఇటు తిప్పారు. "బరువు నేదు" అన్నారు. తరవాత చెయ్యి వెనక్కి పెట్టి, ఎవరి సాయం లేకుండా, ఎలాస్టిక్ ముడి విప్పి జడలన్నీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఎంత సులువుగా వచ్చీసిందో" అన్నారు. ఇంకేమీ అనలేదు. ఒళ్ళో జడల్ని ఒక్కొక్కటే సాపుచేస్తూ చీకటి పడేదాకా అలాగే కూర్చున్నారు. నేను లైటు వెయ్యలేదు.

జడలు ఇప్పుడు వైజాగులో ఉన్నాయి. హాస్టల్లో పిల్లలంతా వంతులేసుకుని పెట్టుకుంటున్నారట. ఇంకో రెండు వరసలు కావాలని కబురొచ్చింది. అత్తయ్య మళ్ళీ చిక్కు దాస్తున్నారు, ఈసారి నాది కూడా అడిగి మరీ తీసుకుంటున్నారు. రోజూ రాత్రి తొమ్మిదింటికి మనవరాలికి ఫోను చేస్తారు. తిన్నావా, చదివావా అని అడగడం మానేశారు. అడిగేది ఒక్కటే.

"తీసీసి పడుకున్నావా అమ్మీ?"